వరాహగిరి వేంకటగిరి

వరాహగిరి వేంకటగిరి (1894 - 1980) భారతదేశపు నాలుగవ రాష్ట్రపతి, కార్మిక నాయకుడు, న్యాయవాది. వి.వి.గిరిగా సుప్రసిద్ధుడు. రాష్ట్రపతిగానే ఎక్కువమందికి గుర్తున్నా, ఆయన జీవితంలో అధికభాగం రైల్వే కార్మికుల సంఘాలలోను, కార్మిక శాఖలోను గడిచింది. కారణం చూపకుండా ఉద్యోగం తీసివేస్తే కార్మికునికి ఏమి దక్కాలి, అది ఎవరు ఇప్పించాలి అన్న ప్రశ్న ఆయన ప్రజాజీవితం పొడుగునా వినిపిస్తుంది. ఆయన కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న 1953లోనే ఉద్యోగం కోల్పోయిన కార్మికునికి పరిహారం పొందే హక్కు మొదటిసారిగా దేశమంతటికీ వర్తించే చట్టంలో చేరింది. ఏడాది తిరగకుండానే, బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు ఆయన మంత్రిపదవిని వదులుకున్నాడు.

జననం, కుటుంబం

గిరి 1894 ఆగష్టు 10న గంజాం జిల్లా బరంపురంలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉండేది. 1936లో ఒడిషా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అందులో చేరింది. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మ జాతీయోద్యమంలో పాల్గొన్నది. భార్య సరస్వతీబాయి. వీరికి 14 మంది సంతానం.

ప్రాథమిక విద్య, కళాశాల విద్య బరంపురంలోనే ముగించుకొని 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండు వెళ్ళాడు.

డబ్లిన్‌లో చదువు

గిరి డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో, కింగ్స్ ఇన్స్‌లో చదివాడు. ఆయన వెళ్ళిన 1913వ సంవత్సరంలోనే డబ్లిన్ నగరంలో పెద్ద లాకౌట్ జరిగింది. కార్మిక సంఘంలో చేరబోమని సంతకం చేయడానికి నిరాకరించిన వారిని యజమానులు పని నుండి తొలగించారు. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి జీతాలు లేక గడిపారు. ఆ పోరాటానికి నాయకత్వం వహించిన జేమ్స్ లార్కిన్, జేమ్స్ కొనోలీల పేర్లు యూరప్ అంతటా మారుమ్రోగాయి. న్యాయవాద విద్య కోసం వెళ్ళిన యువకుడు సంఘంలో చేరినందుకే ఉద్యోగం పోవడం ఏమిటో ఆ నగరంలో కళ్ళారా చూశాడు.

అదే కాలంలో దక్షిణాఫ్రికాలో భారతీయులపై అమలవుతున్న వివక్ష గురించి గిరి, తోటి భారతీయ విద్యార్థులు కలిసి ఒక కరపత్రం ప్రచురించారు. ఒప్పంద కూలీలుగా నేటాలుకు వెళ్ళినవారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు ఎందరో ఉండటం వల్ల ఆ విషయం గిరికి దూరపు సంగతి కాదు. ఈ కరపత్రం బ్రిటిష్ ప్రభుత్వ నిఘా విభాగం దృష్టిలో పడింది. 1916లో ఐర్లాండులో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన తరువాత, తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో దేశం విడిచి వెళ్ళవలసిందని ఆయనకు నోటీసు ఇచ్చారు. గిరి 1916లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

న్యాయవాది నుండి కార్మిక నాయకునిగా

తిరిగి వచ్చాక మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా నమోదై, బరంపురంలో వృత్తి ప్రారంభించాడు. 1916లో లక్నో కాంగ్రెసు సభకు హాజరయ్యాడు. సహాయ నిరాకరణోద్యమ కాలంలో వృత్తిని విడిచిపెట్టాడు. 1922లో కల్లు, సారా దుకాణాల ఎదుట పికెటింగు నడిపించినందుకు అరెస్టయ్యాడు. ఆ తరువాత ఆయన కృషి క్రమంగా కార్మిక రంగం వైపు మళ్ళింది.

అప్పటి చట్టాల స్థితి

గిరి కార్మికోద్యమంలో ప్రవేశించేనాటికి భారతదేశంలో కార్మికునికి చట్టరీత్యా దక్కేది చాలా స్వల్పం. పనిలో చెయ్యో కాలో పోగొట్టుకున్నవాడు యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేస్తూ సివిల్ కోర్టులో దావా వేసుకోవలసి ఉండేది. కోర్టు ఖర్చులు భరించలేక చాలామంది ఆ ప్రయత్నమే చేసేవారు కారు. 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చి 1924 జూలై 1 నుండి అమలైన తరువాత, పనిలో ఉండగా ప్రమాదం జరిగితే యజమాని తప్పు రుజువు చేయనక్కరలేకుండానే నిర్ణీత మొత్తం చెల్లించాలన్న నియమం ఏర్పడింది. అయితే అది గాయాలకు, మరణానికి మాత్రమే వర్తించేది. ఉద్యోగం పోయినవానికి ఏ పరిహారమూ లేదు.

నష్టపరిహార న్యాయం కార్మికుల మీదికే తిరిగిన సందర్భం కూడా ఉంది. 1920లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల వివాదంలో, ఒప్పందాలను ఉల్లంఘించేలా కార్మికులను ప్రోత్సహిస్తున్నారంటూ యాజమాన్యం సంఘ నాయకుడైన బి.పి.వాడియా తదితరులపై హైకోర్టులో వ్యాజ్యం వేసి నిషేధ ఉత్తర్వు పొందింది. సంఘం నడిపిన నాయకుడే నష్టపరిహారం చెల్లించుకోవలసి వస్తుందన్న భయం దేశమంతటా వ్యాపించింది. దీని ఫలితంగా ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో ప్రయత్నించగా, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. నమోదైన సంఘాల నాయకులకు ఇటువంటి సివిల్ దావాల నుండి, కుట్ర నేరారోపణల నుండి రక్షణ లభించింది. ఆ 1926లోనే గిరి అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు

గిరి కార్మికోద్యమానికి కేంద్రం బెంగాల్ నాగపూర్ రైల్వే. కలకత్తా నుండి బరంపురం, విజయనగరం మీదుగా వాల్తేరు వరకు ఉన్న తూర్పుతీరపు మార్గం ఈ కంపెనీ చేతిలో ఉండేది. వాల్తేరులో మద్రాసు వైపు నుండి వచ్చే మరో కంపెనీ మార్గం దీనిని కలిసేది. విశాఖపట్నం రేవు నిర్మాణం కూడా ప్రభుత్వం తరఫున ఈ రైల్వే ఆధ్వర్యంలోనే సాగింది. 1933లో ఆ రేవు నౌకలకు తెరుచుకొన్నది. ఆ విధంగా ఉత్తరాంధ్రలో వ్యవసాయం కాకుండా జీతం మీద బ్రతికే మొదటి పెద్ద కార్మికవర్గం ఈ రైల్వే చుట్టూ ఏర్పడింది. బెంగాలులోని ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కూడా తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి పనికోసం వెళ్ళినవారికి బరంపురం న్యాయవాదిగా, తమ భాష మాట్లాడే నాయకుడుగా గిరి దగ్గరయ్యాడు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించిన వారిలో ఆయన ముఖ్యుడు. 1920లలో ఏర్పడిన అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకడు, చాలాకాలం దాని ప్రధాన కార్యదర్శి.

1927-28 సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌లో జరిగిన ఆందోళన ఆయన పేరును దేశానికి పరిచయం చేసింది. పని తగ్గిందన్న కారణంతో యాజమాన్యం వందలాది కార్మికులను ఒక్కసారిగా తొలగించడానికి సిద్ధపడింది. ఏళ్ళ తరబడి పనిచేసినవారికి నోటీసు కాలపు జీతం తప్ప మరేమీ దక్కే అవకాశం లేదు. అడగడానికి కోర్టూ లేదు, చట్టమూ లేదు. మిగిలిన దారి సమ్మె ఒక్కటే. గిరి నాయకత్వంలో సమ్మె అహింసాయుతంగా సాగింది. యాజమాన్యం సంఘంతో మాట్లాడి కొన్ని కోర్కెలను అంగీకరించవలసి వచ్చింది. సంఘం బలంగా ఉంటే, చట్టం ఇవ్వనిది కూడా చర్చల ద్వారా సాధించవచ్చునన్న ఆయన విశ్వాసం ఈ అనుభవం నుండి ఏర్పడింది.

జాతి వివక్షపై ఫిర్యాదు

ఆనాటి రైల్వేలలో ఉద్యోగాలు, జీతాలు, నివాస గృహాలు అన్నీ జాతిని బట్టి విభజింపబడి ఉండేవి. పైస్థాయి ఉద్యోగాలలో యూరోపియన్లు, మధ్యస్థాయిలో ఆంగ్లో ఇండియన్లు ఎక్కువగా ఉండేవారు. అదే పని చేసే భారతీయునికి జీతం తక్కువ, పదోన్నతి ఆలస్యం. రైల్వే సంఘాల విజ్ఞప్తులలో ఈ జాతి వివక్ష ప్రధానమైన ఫిర్యాదుగా ఉండేది. 1929లో నియమితమై 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కార్మిక కమిషన్ కూడా రైల్వేల గురించి వ్రాసేటప్పుడు ఈ విషయాన్ని చర్చించవలసి వచ్చింది. అయినప్పటికీ వివక్షకు గురైన ఉద్యోగి కోర్టుకు వెళ్ళి పరిహారం అడగడానికి ఆనాటి చట్టంలో ఆధారం లేదు. ఫిర్యాదు చేయడం, సంఘటితంగా ఒత్తిడి తేవడం మాత్రమే మార్గం.

ఈ కమిషన్‌తో సహకరించాలా వద్దా అన్న వివాదం మీదనే 1929లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలిపోయింది. సహకరించి కార్మికుల బాధలను నమోదు చేయించాలన్న పక్షంలో జోషితో పాటు గిరి ఉన్నాడు. వీరు ఇండియన్ ట్రేడ్ యూనియన్ ఫెడరేషన్‌ను ఏర్పరచారు. తరువాతి పదేళ్ళలో ఈ చీలిక క్రమంగా మాసిపోయి సంఘాలు తిరిగి కలిశాయి.

అంతర్జాతీయ వేదికలు, చట్టసభలు

1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు గిరి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళాడు. 1931లో లండనులో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో కార్మికుల తరఫున పాల్గొన్నాడు. 1934 నుండి 1937 వరకు కేంద్ర శాసనసభ సభ్యుడు.

1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గం నుండి కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి, జస్టిస్ పార్టీ నాయకుడు, అంతకు ముందు మద్రాసు ప్రధానిగా పనిచేసిన బొబ్బిలి రాజాను ఓడించాడు. ఆనాటి ఎన్నికలలో ఇది సంచలనం సృష్టించిన ఫలితం. రాజాజీ మంత్రివర్గంలో 1937 నుండి 1939 వరకు కార్మిక, పరిశ్రమల శాఖ మంత్రిగా ఉన్నాడు. 1942లో రెండవసారి ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షుడయ్యాడు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుశిక్ష అనుభవించాడు. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలో తిరిగి కార్మిక శాఖను నిర్వహించాడు.

1947 నుండి 1951 వరకు సింహళంలో భారత హైకమిషనర్‌గా పనిచేశాడు. 1948లో సింహళ ప్రభుత్వం చేసిన పౌరసత్వ చట్టం వల్ల అక్కడి తేయాకు తోటలలో తరతరాలుగా పనిచేస్తున్న భారతీయ సంతతి కార్మికులు లక్షల సంఖ్యలో పౌరసత్వం లేనివారయ్యారు. దక్షిణాఫ్రికా గురించి విద్యార్థిగా కరపత్రం వేసిన గిరి, ఈసారి అటువంటి సమస్యకు రాయబారిగా ఎదురునిలవవలసి వచ్చింది.

కేంద్ర కార్మిక మంత్రి (1952-1954)

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ మంత్రి అయ్యాడు. రెండేళ్ళకు మించని ఈ పదవీకాలమే కార్మిక చట్టాల చరిత్రలో ఆయనకు స్థిరమైన స్థానం కల్పించింది.

గిరి విధానం

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, కార్మికులకు, యజమానులకు మధ్య తగాదా వస్తే ప్రభుత్వం దానిని ట్రిబ్యునల్‌కు నివేదించే వీలుండేది. ట్రిబ్యునల్ తీర్పు ఇరుపక్షాలను బంధించేది. గిరికి ఈ నిర్బంధ న్యాయ నిర్ణయ పద్ధతి నచ్చలేదు. ఏ చిన్న వివాదమైనా ట్రిబ్యునళ్ళకు, అక్కడి నుండి అప్పీళ్ళకు వెళ్ళడం వల్ల ఏళ్ళు గడుస్తాయని, ఓడినవారిలో కసి మిగులుతుందని, కోర్టు మీద ఆధారపడిన సంఘం ఎన్నటికీ సొంతకాళ్ళ మీద నిలబడలేదని ఆయన వాదన. ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చొని బేరమాడి ఒప్పందానికి రావాలి, కుదరకపోతే ఇష్టపూర్వకంగా మధ్యవర్తిని ఎంచుకోవాలి అన్నది ఆయన సూత్రం. ఇది గిరి విధానంగా పేరుపొందింది. 1952 అక్టోబరులో నైనీతాల్‌లో జరిగిన భారత కార్మిక సదస్సులో ఆయన దీనిని ముందుకు తెచ్చాడు.

ఈ విధానానికి మద్దతు లభించలేదు. సంఘాలు బలహీనంగా ఉన్న దేశంలో ట్రిబ్యునల్ లేకపోతే కార్మికుడు యజమాని దయాదాక్షిణ్యాలకు వదిలివేయబడతాడని చాలా సంఘాలే అభ్యంతరం చెప్పాయి. ప్రభుత్వంలోని ఇతర శాఖలు సమ్మెలు పెరుగుతాయని భయపడ్డాయి. ఈ చర్చలో ఇరుపక్షాల వాదనలోను బలం ఉంది. ఖరగ్‌పూర్ వంటి చోట సంఘబలం పనిచేసింది, కాని పదిమంది పనిచేసే చిన్న కార్ఖానాలో అది ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు గిరి విధానంలో సమాధానం దొరకదు.

1953 సవరణ: ఉద్యోగం పోయినందుకు పరిహారం

చర్చల మీదనే విశ్వాసం ఉన్న గిరి పదవీకాలంలోనే, చర్చలకు శక్తి లేని కార్మికునికి కూడా కనీస రక్షణ కల్పించే చట్టం రావడం గమనించదగినది. 1953 నాటికి బట్టల మిల్లులలో సరుకు పేరుకుపోయి, షిఫ్టులు మూసివేసే పరిస్థితి వచ్చింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తరువాత పార్లమెంటులో పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ చేయించింది. ఇది 1953 అక్టోబరు 24 నుండి అమలైంది. దీనిలోని ముఖ్యాంశాలు ఇవి.

- లే-ఆఫ్: పని చూపలేక తాత్కాలికంగా ఇంటికి పంపిన కార్మికునికి మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో సగం చెల్లించాలి. ఇది 50 మంది, అంతకు మించి పనిచేసే కార్ఖానాలకు, గనులకు వర్తించేది.
- తొలగింపు నోటీసు: ఏడాదికి తగ్గకుండా పనిచేసిన వానిని పని మిగులు కారణంగా తొలగించాలంటే ఒక నెల ముందు కారణాలతో వ్రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి.
- తొలగింపు పరిహారం: పూర్తి చేసిన ప్రతి సంవత్సరపు సర్వీసుకు 15 రోజుల సరాసరి వేతనం చొప్పున చెల్లించాలి. ఆరు నెలలకు మించిన భాగాన్ని ఒక సంవత్సరంగా లెక్కిస్తారు.
- వరుసక్రమం: మామూలుగా చివర చేరినవారిని ముందు తొలగించాలి. అలా చేయకపోతే కారణం నమోదు చేయాలి.
- తిరిగి నియామకం: మళ్ళీ మనుషులు కావలసివస్తే తొలగింపబడిన వారికే ముందు అవకాశం ఇవ్వాలి.

ఉదాహరణకు పదేళ్ళు పనిచేసిన కార్మికుని తొలగిస్తే, నోటీసు కాకుండా ఇంచుమించు అయిదు నెలల వేతనం అతనికి దక్కుతుంది. మొత్తం పెద్దది కాదు. కాని అంతకు ముందు అది యజమాని ఇష్టం, ఆ తరువాత కార్మికుని హక్కు. చివర చేరినవారు ముందు అన్న నియమం మరొక మేలు చేసింది. సంఘంలో తిరిగేవారిని, కులం వల్లనో ప్రాంతం వల్లనో గిట్టనివారిని ఏరి తొలగించడానికి అది అడ్డుకట్ట వేసింది. వివక్ష అన్న మాట ఆ సెక్షనులో లేకపోయినా, దానిని అదుపుచేసే పనిముట్టుగా అది ఉపయోగపడింది.

బ్యాంకు తీర్పు, రాజీనామా

బ్యాంకు ఉద్యోగుల వేతనాల వివాదం మీద శాస్త్రి ట్రిబ్యునల్ 1953లో తీర్పు ఇచ్చింది. దానిపై అప్పీలు విన్న లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ 1954 ఏప్రిల్‌లో తన నిర్ణయం ప్రకటించింది. బ్యాంకులు ఆ భారం మోయలేవన్న కారణంతో 1954 ఆగష్టులో కేంద్ర ప్రభుత్వం, తనకున్న అధికారాన్ని ఉపయోగించి, ఉద్యోగులకు నష్టం కలిగేలా కొన్ని అంశాలను మార్చింది. ట్రిబ్యునళ్ళ మీద తనకు ఎంత అయిష్టం ఉన్నా, ఉద్యోగులు నమ్మి ఎదురుచూసిన తీర్పును ప్రభుత్వమే మార్చడం సరికాదని భావించి గిరి మంత్రిపదవికి రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో ఖండూభాయ్ దేశాయ్ కార్మిక మంత్రి అయ్యాడు. తరువాత ప్రభుత్వం ఈ విషయాన్ని విచారించడానికి కమిషన్ నియమించింది. న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ 1955లో ఇచ్చిన నివేదిక ఆధారంగా పార్లమెంటు చట్టం చేసి వివాదాన్ని పరిష్కరించింది.

పార్వతీపురం ఎన్నిక, సుప్రీంకోర్టు వ్యాజ్యం

1957 ఎన్నికలలో గిరి పార్వతీపురం లోక్‌సభ స్థానానికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయాడు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడినది, రెండవది సాధారణ స్థానం. గిరిజన అభ్యర్థులిద్దరూ గెలిచారు. వారిలో డిప్పల సూరిదొర సాధారణ స్థానానికి ఎన్నికైనట్లు ప్రకటించారు. రిజర్వు స్థానానికి నిలిచిన వ్యక్తి సాధారణ స్థానాన్ని పొందజాలడని గిరి ఎన్నికల పిటిషన్ వేశాడు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1959లో సుప్రీంకోర్టు ధర్మాసనం అధిక సంఖ్యాకుల తీర్పుతో గిరి వాదనను త్రోసిపుచ్చింది. రిజర్వేషన్ అనేది కనీస హామీయే గాని హద్దు కాదని, ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజనుడు సాధారణ స్థానానికి కూడా అర్హుడేనని ఆ తీర్పు సారాంశం. సమాన అవకాశాల గురించిన చర్చలలో ఈ కేసు ప్రస్తావనకు వస్తూ ఉంటుంది. 1961లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దుచేశారు.

గవర్నరు పదవి నుండి రాష్ట్రపతి భవనానికి

గిరి ఉత్తర ప్రదేశ్ (1957-1960), కేరళ (1960-1965), మైసూరు (1965-1967) రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశాడు. 1957లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ లేబర్ ఎకనామిక్స్ స్థాపనలో ప్రముఖ పాత్ర వహించాడు. 1967 మే 13న ఉపరాష్ట్రపతి అయ్యాడు. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుసేన్ మరణించడంతో తాత్కాలిక రాష్ట్రపతి బాధ్యతలు స్వీకరించాడు.

ఆ హోదాలో 1969 జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశాడు. బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదులుకున్న 15 ఏళ్ళ తరువాత ఆ బ్యాంకులు ప్రభుత్వపరం కావడం ఆయన చేతిమీదుగానే జరిగింది. మరునాడు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డాడు. కాంగ్రెసు అధికార అభ్యర్థి కూడా మరో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డి. ప్రధాని ఇందిరాగాంధీ సభ్యులను మనస్సాక్షి ప్రకారం ఓటు వేయమనడంతో కాంగ్రెసులో చీలిక బయటపడింది. రెండవ ప్రాధాన్యత ఓట్ల లెక్కింపు తరువాత గిరి గెలిచాడు. 1969 ఆగష్టు 24న ప్రమాణస్వీకారం చేశాడు. ఈ ఎన్నికపై వేసిన పిటిషన్ విచారణలో పదవిలో ఉన్న రాష్ట్రపతిగా సుప్రీంకోర్టు ఎదుట స్వయంగా సాక్ష్యం చెప్పాడు. 1970లో కోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది.

రాష్ట్రపతిగా ఉన్నకాలంలో కార్మిక చట్టాలు

ఆయన పదవీకాలంలో కార్మికులకు సంబంధించిన అనేక చట్టాలు వచ్చాయి. 1970లో కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం, 1972లో అయిదేళ్ళ సర్వీసు దాటినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున ఇచ్చే గ్రాట్యుటీ చట్టం వీటిలో ముఖ్యమైనవి. 1971 నాటి సవరణ లేబర్ కోర్టులకు మరింత అధికారం ఇచ్చింది. డిస్మిస్ అయిన కార్మికుని శిక్ష అన్యాయమని తోస్తే దానిని తగ్గించడానికి, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని ఆదేశించడానికి వీలు కలిగింది.

1974 మే 8 నుండి 27 వరకు దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగింది. సుమారు 17 లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. సమ్మెను నడిపినవారిలో ముందున్నది గిరి స్థాపకులలో ఒకడుగా ఉన్న అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషనే. అప్పటి దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ప్రభుత్వం వేలమందిని అరెస్టు చేసి, ఎందరినో ఉద్యోగాల నుండి తొలగించింది. ఒకనాటి రైల్వే సమ్మె నాయకుడు రాష్ట్రపతిగా ఉన్నా, మంత్రివర్గ సలహాకు కట్టుబడిన పదవి అది. ఆయన పేరుమీద నడిచే ప్రభుత్వమే ఆ సమ్మెను అణచివేసింది. తొలగింపబడినవారు 1977లో ప్రభుత్వం మారిన తరువాత తిరిగి ఉద్యోగాలలో చేరారు.

పరిహార సూత్రం - తరువాతి చరిత్ర

1953 నాటి సవరణను కోర్టులు పలుమార్లు పరీక్షించాయి. సంస్థ నిజంగా మూతపడితే ఆ తొలగింపు పరిహారం వర్తించదని 1956లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, పార్లమెంటు వెంటనే చట్టాన్ని సవరించి మూసివేతకు, యాజమాన్యం చేతులు మారడానికి కూడా పరిహారాన్ని వర్తింపజేసింది. పరిహారం చెల్లించకుండా చేసిన తొలగింపు చెల్లదని 1960లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే అటువంటి కార్మికుడు పాత బకాయిలతో సహా తిరిగి ఉద్యోగం అడగవచ్చును. 1947 నాటి చట్టం స్థానంలో 2020లో ఆమోదం పొందిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. ఏడాదికి 15 రోజుల సరాసరి వేతనమనే 1953 నాటి కొలమానం అందులోనూ కొనసాగింది.

బాకీ ఎవరిది అన్న ప్రశ్న విశాఖపట్నం రేవులోనే ఎదురైంది. ఓడలలో సరుకు ఎత్తి దించే కార్మికులు డాక్ లేబర్ బోర్డులో నమోదై, స్టీవ్‌డోర్ల వద్ద పనిచేసేవారు. వారికి బోనసు చెల్లించవలసినది బోర్డా, స్టీవ్‌డోర్లా అన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1970లో కోర్టు, బోర్డు యజమాని కాదని నిర్ణయించింది. చట్టంలో హక్కు ఉన్నా, యజమాని ఎవరో తేలనిదే అది కార్మికుని చేతికి రాదని ఈ కేసు తెలుపుతుంది. కాంట్రాక్టు పని ఎక్కువగా ఉండే రేవులలో, ఉక్కు కర్మాగారాలలో ఈ ప్రశ్న తరచు తలెత్తుతుంది.

ఉద్యోగంలో వివక్షకు ప్రత్యేకమైన చట్టాలు గిరి కాలం చివరలో, ఆ తరువాత వచ్చాయి. స్త్రీపురుషులకు సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. 1982లో తెలుగువాడైన న్యాయమూర్తి ఓ.చిన్నపరెడ్డి, సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగ లక్ష్యమని, దానిని కోర్టు ద్వారా అమలు చేయవచ్చునని ఒక పోలీసు డ్రైవరు కేసులో తీర్పు ఇచ్చాడు. 1987లో మెకిన్నన్ మెకంజీ నౌకాసంస్థ కేసులో మహిళా స్టెనోగ్రాఫర్లకు పురుషులతో సమానంగా వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఇటువంటి కేసులలో భారతీయ కోర్టులు సామాన్యంగా ఇప్పించేది ఉద్యోగం, పదోన్నతి, వేతన బకాయిలు. అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం క్రింద బకాయి వేతనమే కాక, 1991 సవరణ తరువాత మనస్తాపానికి, శిక్షార్థంగా కూడా సంస్థ పరిమాణాన్ని బట్టి 50,000 నుండి 3,00,000 డాలర్ల పరిమితి వరకు నష్టపరిహారం ఇప్పించవచ్చును. భారతదేశంలో అటువంటి ప్రత్యేక కొలమానం ఏర్పడలేదు.

చివరి సంవత్సరాలు, గుర్తింపు

గిరి 1974 ఆగష్టు 24న పదవీవిరమణ చేసి మద్రాసులో స్థిరపడ్డాడు. 1975లో ఆయనకు భారతరత్న పురస్కారం లభించింది. కార్మిక సమస్యలపై గ్రంథాలతో పాటు 1976లో ఆత్మకథను ప్రచురించాడు. 1980 జూన్‌లో మద్రాసులో మరణించాడు.

1974లో స్థాపించిన జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. నోయిడాలోని వి.వి.గిరి జాతీయ కార్మిక సంస్థ కార్మిక విషయాలపై పరిశోధన, శిక్షణ నిర్వహిస్తుంది. కోర్టుల కంటే చర్చలే మేలని నమ్మిన గిరి పేరు, కోర్టులో కార్మికుడు నిలబడి అడగగలిగిన ఒక హక్కుతో కూడా ముడిపడి నిలిచింది.